తలుపు తెరుచుకోని ఆట

చూడకూడదు అనుకుంటూనే సుచిత్ర ఫోను తీసింది. బూన్‌లేలో రైలు తలుపులు మూసుకున్నాయి గానీ ఇంకా కదల్లేదు, పక్క సీట్లో కూతురు కీర్తిక గజ్జెల సంచీ ఒళ్ళో పెట్టుకుని అప్పుడే తూగుతోంది, కూచిపూడి టీచరుగారు ఇవాళ పిల్లల్ని బాగానే పిండినట్టున్నారు, ఆవిడ ఇల్లు జురాంగ్ వెస్ట్‌లో, తమ ఇల్లు సెంగ్‌కాంగ్‌లో, దేశానికి ఆ కొసన ఒకటి ఈ కొసన ఒకటి, అయినా గంటలో వెళ్ళిపోవచ్చు, సింగపూరు లాంటి చిన్న దేశంలో ఉన్న సుఖం అది, ఈ ఒక్క గంటా ఫోను సంచీలో పడేసి కిటికీలోంచి ఎండ చూస్తూ కూర్చుంటే ఏం పోతుంది, ఏమీ పోదు, అనుకుంటూనే వేలు తెర మీద పడింది, తెర మీద మళ్ళీ అదే మాట. తలుపు తెరుచుకోవడం లేదు. నిన్న సాయంత్రం తాము చేసిన కంప్యూటరు ఆటని సైటులో అమ్మకానికి పెట్టిన దగ్గర్నుంచీ ప్రపంచం నలుమూలల నుంచీ అదే పాట. చుక్కల బొమ్మలు ముద్దుగా ఉన్నాయి, భయం బాగా కుదిరింది, ముసలావిడ నడక చూస్తే మా ఇంట్లో పెద్దావిడ గుర్తొచ్చింది, ఇంత చేసి చివర్లో తలుపు తెరుచుకోదు, ఆట చెడిపోయింది, ఎవరూ కొనకండి. అందరూ రాసేది ఇంగ్లీషులోనే, ఆమె చదువుకునేది మాత్రం తెలుగులో, అది కూడా అత్తగారి గొంతులో, సాగదీసి, మధ్యమధ్య ఒక 'హు' చేర్చి. బొటనవేలు కిందికి. బొటనవేలు కిందికి. మధ్యలో ఎవరో మహానుభావుడు బొటనవేలు పైకెత్తి, కింద, పొరపాటున నొక్కాను అని రాశాడు. సుచిత్రకి నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆట ఏమంత పెద్దది కాదు, అరగంటలో అయిపోతుంది. అందులో ఉన్నది ఒక మామ్మ, ఒక మనవరాలు, ఒక ఫ్లాటు, ఒక లిఫ్టు. మనవరాలు ఏడుపు ఆపదు. మామ్మ గుప్పెట్లో కళ్ళుప్పూ ఎండుమిరపకాయలూ పట్టి పిల్లకి దిష్టి తీస్తుంది, ఆ గుప్పెట విప్పకుండా లిఫ్టు దిగి, బ్లాకు కింద స్తంభాల మధ్య నుంచి నడిచి, మూడు దారులు కలిసేచోట ఉన్న ఇనప డబ్బాలో పారేసి, వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. అంతే. ఆ వెనక్కి చూడకుండా రావడంలోనే ఉంది తమాషా అంతా. వెనకాల హవాయి చెప్పులు టపటపమంటాయి, మనవరాలి గొంతుతో 'మామ్మా' అని పిలుస్తుంది ఏదో, పలక్కపోతే కాసేపాగి ఎప్పుడో పోయిన తాతగారి గొంతుతో మంచినీళ్ళడుగుతుంది, తిరిగి చూశారా, అయిపోయారు, మళ్ళీ మొదటికి. చూడకుండా వచ్చేశారా, లిఫ్టు, వరండా, ఇంటి తలుపు. ఇక్కడిదాకా అందరూ వస్తున్నారు, వణుక్కుంటూ, అరుచుకుంటూ, ఒకడు కుర్చీలోంచి పడ్డానని కూడా రాశాడు, అది చదివినప్పుడు ఆమె ప్రాణం లేచొచ్చింది. వచ్చి తలుపు నొక్కుతున్నారు. తెరుచుకోదు. నొక్కినకొద్దీ వెనకనున్న నీడ ఒక్కొక్క చుక్క చొప్పున దగ్గరికి జరుగుతుంది, ఎంత ముచ్చటపడి గీసుకుందో ఆ నీడని, వాళ్ళు దాన్ని కూడా తప్పుల ఖాతాలో వేశారు.

లేక్‌సైడ్ దాటింది. ఎండ కీర్తిక మోకాళ్ళ మీదికి జారింది, ఈ మోకాళ్ళే, ఈ పిల్లే, నెలల పిల్లగా ఉన్నప్పుడు ఏడ్చి ఏడ్చి ఇల్లు పీకి పందిరేసేది, డాక్టరు ఏమీ లేదన్నాడు, పాలు మార్చారు, ఉయ్యాల మార్చారు, చివరికి పాలకొల్లు నుంచి కొన్నాళ్ళుండి పోదామని వచ్చిన అత్తగారు మంగతాయారు, వాళ్ళు మార్చాల్సినవన్నీ మార్చేదాకా ఓపిగ్గా చూసి, మూకుడు పొయ్యి మీద పెట్టింది. ఆ మిరపకాయల పొగ! ఇంట్లో ఒక్కరికీ దగ్గు రాలేదు, చూశారా ఎంత దిష్టో అని అత్తగారు గర్వంగా చెబుతుంటే, పక్క ఫ్లాటులో లిమ్ ఆంటీ మాత్రం దగ్గుతూ, ఇల్లు తగలబడిందనుకుని పరుగెత్తుకొచ్చింది. ఈవిడకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. లిమ్ ఆంటీ మూకుడు చూసింది, పిల్లని చూసింది, ఆగిన ఏడుపు విన్నది, తల ఊపింది. మర్నాడు సాయంత్రం వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళి, తమ లెక్కలో ఏడో నెలలో చీనావాళ్ళు పోయిన పెద్దల పేరు చెప్పి కాయితాలు కాల్చే ఇనప డబ్బా చూపించింది, ఇల్లంతా పొగపెట్టకుండా ఇక్కడ వేసుకో అని, అంతా సైగలతోనే. మూడు దారులు కలిసే చోటే ఉంది డబ్బా. అత్తగారికి అంతకన్నా ఏం కావాలి. అప్పట్నుంచీ సింగపూరులో ఆ ఇంటి దిష్టి అంతా చీనా డబ్బాలోకే వెళుతోంది, ఏ గొడవా లేదు.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి, సెంగ్‌కాంగ్‌లో ఏ బ్లాకు లిఫ్టెక్కినా తెలుగు వినపడేది, ఎవరు ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి దూకారన్నదే అందరి మాటా, సుచిత్ర కూడా పాయా లేబర్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేరు కంపెనీలో టెస్టరు. అంటే ఇంకొకళ్ళు చేసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం, ఆ పనిలో ఆమెకి మంచి పేరుంది, అక్కడ కుర్రాళ్ళు ఆమె సీటు పక్కనుంచి వెళ్ళేటప్పుడు కాస్త అడుగుల చప్పుడు తగ్గిస్తారు. సాయంత్రాలు ఇంటికొచ్చి, కీర్తికని పడుకోబెట్టి, బొమ్మలు వేసుకునేది. పిక్సెల్ బొమ్మలంటే వేరే ఏమీ కాదు, గళ్ళలో చుక్కలు నింపుకుంటూ పోవడమే, చిన్నప్పుడు వాకిట్లో చుక్కల ముగ్గులు పెట్టిన చెయ్యికి అది కొత్తగా అనిపించలేదు, ఎక్కడ చుక్క పడితే మనిషి వంగినట్టుంటుందో, ఏ చుక్క తీసేస్తే ముసలితనం వస్తుందో చేతికే తెలిసిపోయేది. అత్తగారి నడక నాలుగు బొమ్మల్లో పట్టుకుంది. కుడికాలు కొంచెం ఈడుస్తుంది ఆవిడ, ఒప్పుకోదు గానీ. ప్రోగ్రాము రాసింది ఆమె భర్త శశికాంత్, చెప్పుల చప్పుడు చేసింది అత్తగారు, ఏడ్చిందీ నవ్విందీ కీర్తిక. రెండేళ్ళ సాయంత్రాలు అందులో ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు గానీ ఇంకొకటి కూడా ఉంది అందులో: సోమవారం ఆఫీసులో టీమ్ లీడు పదవికి ఔనో కాదో చెప్పాలి, ఔనంటే ఇంక సాయంత్రాలుండవు, శనివారాలు కూడా ఉండవు. ఆట నిలబడితే కాదని చెప్పి రెండో ఆట మొదలుపెడదామని తనలో తను ఒట్టు పెట్టుకుంది, పడిపోతే బుద్ధిగా ఔనంటుంది, కంప్యూటరులో చుక్కలన్నీ ఒక మూల పడేస్తుంది. ఇప్పుడు పడిపోతోంది.

ఫోను వణికింది. శశికాంత్.

"సుచీ, తలుపు సంగతి సరిచేసే ప్యాచ్ రెడీ. ఎస్ అను, సైటులో పెట్టేస్తా."

తలుపు ఎందుకు తెరుచుకోవడం లేదో ఇవాళ పొద్దున బయటపడింది. నిన్న సాయంత్రం మొదటి ఫిర్యాదు రాగానే ఇద్దరూ కూర్చుని ఆడి చూసుకున్నారు, తలుపు చక్కగా తెరుచుకుంది, మళ్ళీ ఆడారు, మళ్ళీ తెరుచుకుంది, మా దగ్గర బాగానే ఉందే అన్నాడు శశికాంత్, ఆఫీసులో ప్రతి ప్రోగ్రామరూ ఆమెతో అనే మాటే, అది విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండుతుంది, నిన్న మాత్రం ఆమె కూడా ఔనండీ బాగానే ఉంది అంది. ఇవాళ ఆమె డాన్సు క్లాసు బయట కూర్చుని ఉండగా, ఎవరో తెల్లవాడు తను ఆట ఆడుతూ తీసి పెట్టిన వీడియో శశికాంత్ చూశాడు. వాడు లిఫ్టు దిగాడు, మామ్మని పరుగెత్తించాడు, తలుపు నొక్కాడు, నొక్కాడు, నొక్కాడు, గోడ వెతికాడు, పూలకుండీ వెతికాడు, తాళంచెవి ఎక్కడ అని మొత్తుకున్నాడు. తలుపు పక్కన చెప్పుల స్టాండు, దాని పక్కన నీలం బకెట్టు, మగ్గు. వాడు దాని వైపు వెళ్ళనేలేదు. శశికాంత్ వెంటనే ఫోన్ చేసి అన్నాడు, "సుచీ, వీళ్ళు కాళ్ళు కడుక్కోవట్లేదు."

ఇప్పుడు కూడా తలుచుకుంటే సుచిత్రకి తల కొట్టేసినట్టవుతోంది, ఆ వెంటనే కడుపులోంచి నవ్వు పొంగుకొస్తోంది, రైల్లో ఎదురుగా బుట్టబండి నిండా ఆకుకూరలు పెట్టుకున్న చీనా పెద్దావిడ ఇటే చూస్తోంది, కాబట్టి పెదాలు బిగించుకుంది. దిష్టి పారేసి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండా లోపలికి ఎలా వెళతారు ఎవరైనా. వెళ్ళరు. ఆ సంగతి ఆట రాసినప్పుడు ఆలోచించి పెట్టింది కాదు, మనుషులకి రెండు కాళ్ళుంటాయని ఆలోచించి పెడతామా, అలాగే, మామ్మ వస్తుంది, కడుక్కుంటుంది, వెళుతుంది. టెస్టింగు చేయలేదా అంటే చేశారు, ఆదివారాలు పులిహోర కలిపి, బ్లాకులో ఉన్న తెలుగువాళ్ళందరినీ పిలిచి, వరసగా కూర్చోబెట్టి ఆడించారు, రామారావుగారు భయపడి కళ్ళజోడు తీసేశారు, సుస్మిత మొగుడి చెయ్యి గిల్లేసింది, ఒక్కరంటే ఒక్కరు తలుపు దగ్గర ఆగలేదు, అందరి మామ్మలూ నేరుగా బకెట్టు దగ్గరికి వెళ్ళి, రెండు చెంబులు పోసుకుని, లోపలికి వెళ్ళారు. ఇక్కడ పుట్టి ఇక్కడే పెరిగిన కీర్తిక కూడా. టెస్టింగులో మొదటి పాఠం ఏమిటి, నీలాంటి వాళ్ళతో ఆడించకు, నీకు తెలిసింది తెలియని వాళ్ళని తీసుకురా. ఈ పాఠం ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ఆమే చెబుతుంది, బోర్డు మీద బొమ్మ వేసి మరీ. క్లెమెంటీ వచ్చింది, వెళ్ళింది. నాలుక కరుచుకుని ఏం లాభం.

"ప్యాచ్‌లో ఏం పెట్టారు?" అని రాసింది.

"గోడ మీద ఒక్క లైన్. కాళ్ళు కడుక్కుని లోపలికి రండి. ఇంగ్లీషులో. అంతే."

బకెట్టు పైన, మామ్మ నెత్తి మీద, ఆస్పత్రిలో బోర్డు తగిలించినట్టు. ఆమె చూడగలుగుతోంది ఆ బోర్డుని, చుక్కచుక్కా. అత్తగారి బకెట్టుకి అసలు ఎంత చరిత్ర ఉంది, మొదట్లో అది ఎప్పుడూ నిండుగా ఉండేది, దోమలు గుడ్లు పెడతాయని తనిఖీకి వచ్చిన ఆయన మందలించి వెళ్ళాక దాని మీద పళ్ళెం మూత పడింది, రోజూ పారబోసి కొత్త నీళ్ళు పట్టడం మొదలైంది, ఆయన మళ్ళీ వచ్చినప్పుడు పళ్ళెం తీసి చూసి, తలుపు దగ్గర బకెట్టు ఎందుకని అడిగితే, అత్తగారు మాటల్లేకుండా ఆయన బూట్లు చూపించింది. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. ఆట బకెట్టు మీద కూడా ఆ పళ్ళెం ఉంది, తెల్లగా, నాలుగు చుక్కలు. ఎవరు చెప్పారు తనకి కాళ్ళు కడుక్కోమని, ఏ గోడ మీద చదివింది, ఎక్కడా లేదు, చిన్నప్పుడు ఎక్కడెక్కడో తిరిగి, బడి సంచీతో ఇంట్లోకి దూసుకెళ్ళబోతే గుమ్మంలో ఒక చెయ్యి అడ్డం పడేది, 'ఆగు' అనేది, అంతే, కారణం చెప్పేవాళ్ళు కాదు, అడిగితే ఇంకో రెండు తిట్లు పడేవి, అలా ఆగీ ఆగీ, ఒకరోజు ఆపేవాళ్ళు లేకపోయినా ఆగింది. తలుపు దగ్గర ఆగడమే కదా ఆట. తెరుచుకోని తలుపు దగ్గర కాసేపు నిలబడితేనే కదా బకెట్టు కనపడేది. ఆ ముక్క గోడ మీద రాసేస్తే ఇంక మామ్మ ఎందుకు, నీడ ఎందుకు. రాయకపోతే ఆడేవాళ్ళే ఉండరు. రాయకూడదు. రాయకపోతే ఎలా.

"ఆగండి, ఇంటికొచ్చాక చూద్దాం."

"ఇంటికొచ్చేసరికి ఎవరికీ కనపడకుండా పోతాం. ఎక్కువమందికి నచ్చలేదు అని పేజీలో ఎర్రక్షరాలు పడ్డాయి. చూశావా?"

చూసింది. ఎర్ర అక్షరాల్ని ఎవరు చూడరు. "ఔట్రమ్ పార్క్ దాకా ఆగండి. అక్కడ చెబుతా" అని రాసింది, ఎందుకు అక్కడిదాకా, అక్కడ రైలు మారాలి కాబట్టి, అంతకన్నా కారణం ఏమీ లేదు.

రెడ్‌హిల్ తర్వాత రైలు భూమిలోకి దిగింది. ఎండ ఒక్కసారిగా తెగిపోయింది, అద్దంలో తన ముఖం, పక్కన వాలిపోయిన కీర్తిక తల, వెనక నిలబడ్డ వాళ్ళ నీడలు, ఒక్క క్షణం అన్నీ చుక్కల బొమ్మల్లాగే ఉన్నాయి, రెండేళ్ళుగా ఏది చూసినా అంతే, అన్నం మెతుకులు కూడా. బోగీలో అందరి చేతుల్లోనూ ఫోన్లు, తలుపు దగ్గర ఆనుకున్న కుర్రాడు ఏదో ఆడుతున్నాడు, వాడి బొటనవేళ్ళు ఎంత వేగంగా కదులుతున్నాయో, తన ఆట కంప్యూటరులో తప్ప రాదని తెలుసు, అయినా వాడి ముఖం చూస్తోంది, వాడు భయపడతాడేమోనని ఆశ. మనుషుల్ని భయపెట్టాలని ఎందుకింత ఇదిగా ఉంటుందో తనకి. చిన్నప్పుడు కరెంటు పోతే మేడ మీద పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, పాదాలు వెనక్కి తిరిగున్న మనిషి సంగతి చెబుతుంటే, అడుగులు చూసి అది వెళ్ళిపోయిందనుకున్నారట, నిజానికి అది వచ్చిందట, అనగానే ఎవరో ఒకరు ఆమె పరికిణీ గట్టిగా పట్టుకునేవారు, ఆ పట్టుకున్న చిన్న పిడికిలి, అది కావాలి తనకి. భయపడ్డ పిల్ల దగ్గరికి జరుగుతుంది. ఆఫీసులో తప్పు పట్టుకుంటే దూరం జరుగుతారు. సోమవారం ఔనంటే ఇంక జీవితమంతా దూరం జరిగేవాళ్ళే. ఈ మాట ఇంత స్పష్టంగా ఇంతకుముందు ఎప్పుడూ తట్టలేదు.

ఔట్రమ్ పార్క్. కీర్తికని లేపింది. "అమ్మా, స్టిల్ గాట్ హౌ మెనీ స్టేషన్స్?" అంటూ అది సగం నిద్రలోనే నడిచింది, గజ్జెల సంచీ నేల మీద ఈడుస్తూ, ఘల్లు ఘల్లుమని. "దగ్గరే తల్లీ" అంది సుచిత్ర, అబద్ధం, ఇంకా సగం దేశం ఉంది. మెట్లు కిందికి, ఇంకా కిందికి, జనం, ఊదారంగు దారి గుర్తు, ఒక చెయ్యి పిల్ల చేతిలో, ఒక చెయ్యి ఫోను మీద, సరే పెట్టేయండి అని రాయడం మొదలుపెట్టింది. స దగ్గర ఉంది. ఇంతలో పైనుంచి ఒక కొత్త అభిప్రాయం జారి పడింది. రాసినవాడి పేరు కోపీ పెంగ్. అంటే ఇక్కడివాడే, ఐసు వేసిన కాఫీ పేరు ఇంకే దేశంవాడు పెట్టుకుంటాడు, మాట చివర 'లా' కూడా ఇక్కడివాళ్ళదే. ఆమె మెట్ల చివర, జనానికి అడ్డంగా, నిలబడిపోయి చదివింది.

'బ్రదర్స్, సిస్టర్స్, ఆట చెడిపోలేదు లా. మనమే చెడిపోయాం. చావింటి నుంచి వస్తే మా మామ్మ, మా ఆ మా, గుమ్మం దగ్గరే ఆపి, పూలు వేసిన నీళ్ళతో చేతులూ ముఖమూ కడిగించనిదే మమ్మల్ని లోపలికి రానిచ్చేది కాదు. ఈ మామ్మ పారేసి వచ్చింది ఏమిటో చూశారుగా, దాన్ని మోసుకుని ఇంట్లోకి ఎలా వెళుతుంది? తలుపు పక్కన బకెట్టు ఉంది, గంటసేపు నేనూ చూడలేదు. కడిగాను. తెరుచుకుంది. తర్వాత ఏమైందో చెప్పను. మా ఆ మాకి ఫోన్ చేశాను. చాలా రోజులైంది చేసి.'

బొటనవేలు పైకి.

ఎవరో భుజం తగిలించి సారీ అన్నారు, సుచిత్ర కూడా సారీ అంది, ఎవరికో, గోడకి అయ్యుండాలి. ఎలా మర్చిపోయింది తను, లిమ్ ఆంటీ తమ్ముడు పోయినప్పుడు, బ్లాకు కిందే డేరా వేసి రోజుల తరబడి కూర్చున్నారు, ఒక సాయంత్రం ఆంటీ పైకి వచ్చి తన తలుపు దగ్గరికి వెళ్ళకుండా ముందు వీళ్ళ తలుపు దగ్గరికి వచ్చింది, పళ్ళెం తీసింది, ఆ నీలం బకెట్టులోంచే మగ్గుతో ముంచుకుని ముఖం మీద చల్లుకుంది, చేతులు కడుక్కుంది, అత్తగారు లోపలినుంచి తువ్వాలు తెచ్చి ఇచ్చింది. తను అక్కడే వంటింట్లో ఉంది, చూసింది, చూసి కూడా, ఇది మనవాళ్ళకే తెలిసిన సంగతి అనుకుంటూ పొద్దుటి నుంచీ కుమిలిపోతోంది. మన వాళ్ళు! ఎంత చిన్న గిరి గీసుకుంది. సరే అని మొదలుపెట్టిన స ని చెరిపేసి, శశికాంత్‌కి రాసింది, "వద్దు. ఏమీ పెట్టకండి. చదవండి."

రెండో రైలెక్కాక సీటు దొరికింది, కీర్తిక మళ్ళీ ఆమె భుజం మీదికి వాలింది, ఇప్పుడు ఫోను దాచుకోవాలన్న ఆలోచన కూడా లేదు. అవి ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. పొద్దున తిట్టి వెళ్ళినవాళ్ళే మళ్ళీ వచ్చి వేలు తిప్పి పైకి పెడుతున్నారు. మలేసియాలో ఎవరో, మా మామ్మ, నెనెక్ అంటాం, ఆవిడ ఇంటి మెట్ల కింద మట్టి కూజా ఉండేది, అది ఎందుకుండేదో నాకు ఈ రోజు దాకా తెలియదు, అని రాశారు. మనీలా నుంచి ఒకామె, చావింటి నుంచి నేరుగా ఇంటికి రాకూడదని మా లోలా, అంటే మామ్మే, అందరినీ ముందు ఏదో ఒక కొట్టుకి తీసుకెళ్ళేది, అది మాకు ఐస్‌క్రీం కొనిపెట్టడానికే అనుకునేవాళ్ళం, అని. ఎక్కడో మంచు పడే ఊళ్ళో ఒకాయన, శ్మశానం నుంచి వస్తే వాకిట్లో చెంబు ఉండేది, కడుక్కోకుండా గొళ్ళెం ముట్టుకుంటే చేతి మీద ఒక్కటి పడేది, ఆ దెబ్బ ఇప్పుడు గుర్తొచ్చింది, నాకు డెబ్భై ఏళ్ళు, అని. ఆటని గురించి రాసేవాళ్ళు తగ్గిపోయారు, మామ్మల్ని గురించి రాస్తున్నారు. ఇంతమంది మామ్మలు, భాష తెలియని వాళ్ళు, ఒకళ్ళనొకళ్ళు ఎన్నడూ చూడని వాళ్ళు, అందరూ అదే గుమ్మంలో అదే చెయ్యి అడ్డం పెట్టారు. పొద్దున కుర్చీలోంచి పడ్డవాడు మళ్ళీ రాశాడు: 'లోపలికి వెళ్ళాక మామ్మ తడి అడుగులు కనపడ్డాయి. బకెట్టు దగ్గర ఇంకో జత అడుగులు, వెనక్కి తిరిగినవి, అక్కడే ఆగిపోయాయి. పిల్ల నవ్వింది. నేను ఏడ్చాను. మళ్ళీ కుర్చీ ఎక్కాను.' వాళ్ళందరి కింద, తెనాలి వాడట, తెలుగు అక్షరాల్లో: 'ఇంతమంది ఎక్కడ ఆగిపోయారండీ? నాకు ఏమీ అడ్డం రాలేదే?' సుచిత్ర ఈసారి పెదాలు బిగించుకోలేదు, బయటికే నవ్వేసింది, కళ్ళలోంచి నీళ్ళు కూడా వచ్చాయి, ఎదురు సీట్లో సాయంత్రం షిఫ్టుకి వెళుతున్న నర్సమ్మ కాసేపు చూసి తను కూడా నవ్వింది, కారణం తెలియకపోయినా. ఎంత హాయిగా ఉంది. ఇంత హాయిగా ఉండడానికి మనిషికి ఇంత భయం కావాలా ఏమిటి.

సెరంగూన్ దగ్గర ఫోన్ మోగింది. శశికాంత్ అనుకుంది, శశికాంత్ పేరే, గొంతు మాత్రం అత్తగారిది.

"ఏవమ్మా, ఎంతమంది జడుసుకున్నారు?"

నిన్నటి నుంచీ ఆవిడ అడుగుతున్నది ఇదొక్కటే, పెళ్ళిలో ఎన్ని విస్తళ్ళు లేచాయని అడిగినట్టు. "చాలామందండీ అత్తయ్యగారూ" అంది సుచిత్ర, "కాళ్ళు కూడా కడుక్కుంటున్నారు ఇప్పుడు."

"మరి కడుక్కోకుండా ఎలాగమ్మా. వాడేదో గోడ మీద రాస్తానంటే కేకలేశాను. గోడ మీద రాస్తే ఎవడు వింటాడే, గుమ్మంలో నిలబెడితే వింటారు గానీ." గొంతు తగ్గించి, "ఆ ముసలిది నాలాగే కాలు ఈడుస్తుందంట గదా. వాడు చెప్పాడులే."

"అది... అత్తయ్యగారూ..."

"పోన్లే. ఇంతమంది చూశారు కదా నన్ను. అంతమంది కళ్ళు పడితే ఊరికే పోతుందా. నువ్వు రా ముందు, నీకూ ఆ పెట్టెకీ కూడా దిష్టి తీస్తాను. మిరపకాయలు తీసి పెట్టాను."

ఆ తర్వాత సెంగ్‌కాంగ్ ఎప్పుడొచ్చిందో తెలియలేదు. భూమిలోంచి పైకి వచ్చి, రెండు పెట్టెల చిన్న రైలెక్కి, మళ్ళీ ఎండలోకి, బ్లాకుల మధ్యనుంచి, ఎవరి వరండాల్లో ఎవరి బట్టలు ఆరుతున్నాయో అన్నీ కనపడేంత దగ్గరగా. ఎర్రక్షరాలు పోయి ఆ చోట ఇప్పుడు ఎక్కువమందికి నచ్చింది అని నీలం అక్షరాలున్నాయి. సోమవారం ఏం చెప్పాలో తెలిసిపోయింది, ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకోలేదు, కాదు అని చెబుతుంది, నవ్వుతూ, వాళ్ళు జీతం సరిపోలేదనుకుంటారు, అనుకోనీ. రెండో ఆటలో మెట్ల కింద కూజా ఉంటుంది. లేదా ఐస్‌క్రీం కొట్టు ఉంటుంది, చావింటి నుంచి వచ్చిన పిల్లలు ఐస్‌క్రీం తింటూ ఉంటారు, వాళ్ళతో పాటు ఇంకొకరెవరో కూడా వరసలో నిలబడి ఉంటారు, ఎవరూ అటు చూడరు. ఒళ్ళు జలదరించింది. బాగుంది. కీర్తికకి పూర్తిగా మెలకువ వచ్చేసింది, ఇల్లు దగ్గరపడితే దానికి ఎక్కడలేని ఓపికా వస్తుంది, స్టేషన్ మెట్లు రెండేసి చొప్పున దిగి, "అమ్మా, ఫాస్ట్ లా" అని అరుస్తూ ముందు పరుగెత్తింది. లిఫ్టు తలుపు మూసుకునేలోపు సుచిత్ర అందుకుంది, లిఫ్టులో కూడా ఫోను చూస్తూనే ఉంది, కోపీ పెంగ్ కింద ఎవరో, మీ ఆ మా ఏమంది అని అడిగారు, అతను జవాబు రాశాడు, 'ఎందుకింత ఆలస్యంగా చేశావని తిట్టింది. ఆదివారం భోజనానికి రమ్మంది.'

లిఫ్టు తెరుచుకోగానే పిల్ల వరండాలో ఘల్లుఘల్లుమంటూ పారిపోయింది. సుచిత్ర చదువుతూనే నడిచింది, ఇది అత్తగారికి చదివి వినిపించాలి, ముందు ఇది, తర్వాత తెనాలివాడిది, శశికాంత్‌కి కుర్చీవాడిది, నడుస్తూనే చెప్పులు ఎక్కడ విడిచిందో తెలియదు, ఇనప గేటు తీసే ఉంది, చెక్క తలుపు మీద చెయ్యి వేసి తోసింది. రాలేదు. మళ్ళీ తోసింది. గట్టిగా తోసింది. లోపల మిరపకాయల ఘాటు, ఎవరో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు, అత్తగారిదో శశికాంత్‌దో.

"కెనాట్, అమ్మా," అంది కీర్తిక తలుపు వెనకనుంచి, తీరిగ్గా. "డోర్ వోంట్ ఓపెన్."

సుచిత్ర కిందికి చూసింది. గచ్చు మీద చిన్న తడి అడుగులు గుమ్మందాకా వెళ్ళి ఉన్నాయి. బకెట్టు మీద పళ్ళెం పక్కకి తీసి ఉంది, మగ్గు ఇంకా నీళ్ళలో ఊగుతోంది. చేతిలో ఫోను సంచీలో పడేసింది, అందులోనూ అది మోగుతోంది, ఒకటి, ఇంకొకటి, ఆమె దాన్ని తియ్యలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, మగ్గు నిండా ముంచి, ఒక కాలి మీద, తర్వాత రెండో కాలి మీద, మడమలు కూడా తడిసేలా పోసుకుంది. లోపల ఎవరో గడియ తీశారు.